టెక్ సందేహాలు: సిస్టమ్ పైథాన్ జోలికి వెళ్లకండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడింటి మూలం ఒకటే: ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులకు వాడుకునే పైథాన్ భాష, అంటే సిస్టమ్ పైథాన్. మొబైల్ ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి, వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మాది మధురవాడ. బీటెక్ మూడో సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. ప్రాజెక్టుకు పైథాన్ 3.12 కావాలన్నారు. ఒక వీడియో చూసి అది వేసుకుని, పైథాన్3 అని కొడితే కొత్తదే వచ్చేలా మార్చాను. అప్పటి నుంచి టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరుచుకోవడం లేదు. ఫార్మాట్ చేయాల్సిందేనా? వచ్చే వారమే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: ఫార్మాట్ అక్కర్లేదు. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి తెర వచ్చి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. లాగిన్ అయ్యాక, యూఎస్‌ఆర్ ఫోల్డర్‌లోని బిన్‌లో ఉండే పైథాన్3 లింకును (అసలు ఫైల్ ఎక్కడుందో చూపే గుర్తును) మళ్లీ పైథాన్3.10 వైపు తిప్పాలి. మీరు అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ (ఒక పేరుకు ఏ వెర్షన్ రావాలో ఎంచే కమాండ్)తో మార్చి ఉంటే, ముందు అందులో పైథాన్3 పేరుతో ఉన్నవన్నీ తీసేసి, తర్వాత ఎల్ఎన్ కమాండ్‌తో లింకు కొత్తగా పెట్టండి. రీస్టార్ట్ చేస్తే టెర్మినల్ వస్తుంది. ఈ కంగారులో 3.10ని అన్‌ఇన్‌స్టాల్ మాత్రం చేయకండి. దాని మీద ఆధారపడిన ప్యాకేజీలన్నీ, అంటే దాదాపు డెస్క్‌టాప్ మొత్తం, దాంతోపాటే పోతాయి.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే ఇంకోసారి ఈ ఇబ్బంది రాదు. ఉబుంటు 22.04లో టెర్మినల్‌ను తెరిచేది పైథాన్‌లో రాసిన ఒక చిన్న స్క్రిప్ట్. అది జీఐ అనే మాడ్యూల్‌ను (విడిగా రాసిపెట్టిన కోడ్ భాగాన్ని) పిలుస్తుంది. ఆ మాడ్యూల్‌లో కొంత భాగం సీ భాషలో రాసి, 3.10 కోసమే కంపైల్ చేసి (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి) పెట్టారు. ఫైల్ పేరులోనే సీపైథాన్-310 అని ఉంటుంది. 3.12 వచ్చి వెతికితే తనకు సరిపడే ఫైల్ కనిపించదు, స్క్రిప్ట్ అక్కడితో ఆగిపోతుంది. ఇలాంటి మార్పు చేశాక చాలామందికి కనిపించే ‘ఆప్ట్ పీకేజీ మాడ్యూల్ లేదు’ అన్న ఎర్రర్‌కూ కారణం ఇదే.

అపార్ట్‌మెంట్‌లో అన్ని ఫ్లాట్లకూ ఒకటే బోరు మోటారు ఉంటుంది కదా. మన కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయని ఆ మోటారును మనం మార్చెయ్యం. సిస్టమ్ పైథాన్ అలాంటిది. మీ 3.12ను మీ హోమ్ ఫోల్డర్‌లో విడిగా ఉంచుకోండి. యూవీ అనే టూల్ ఆ పని సుడో (అడ్మిన్ అధికారం) అవసరం లేకుండా చేసిపెడుతుంది. ప్రాజెక్టుకు దాని ప్యాకేజీలు మాత్రమే ఉండే ఫోల్డర్, అంటే ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే రివ్యూకి అది చాలు.

ప్రశ్న: గాజువాకలో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నాను. పైథాన్ ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ ఇస్తోంది. ఉబుంటు 22.04 మాత్రం 3.10 దగ్గరే ఉండిపోయింది. ఆర్చ్ అనే ఇంకో లినక్స్ వాడే మా ఫ్రెండ్‌కి కొత్తవన్నీ వస్తున్నాయి. ఇది బద్ధకం కాదా?

జవాబు: బద్ధకం అన్న మాట నేను ఒప్పుకోను. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో ఒక పైథాన్ వెర్షన్ ఎలా మారుతుందో చూడండి. కొత్తది మొదట పాతదాని పక్కన చేరుతుంది, డిఫాల్ట్ మాత్రం పాతదే. అప్పుడు సీ భాగం ఉన్న మాడ్యూళ్లన్నింటినీ రెండు వెర్షన్లకూ పనికొచ్చేలా మళ్లీ బిల్డ్ చేస్తారు, అంటే కంపైల్ చేసి ప్యాకేజీగా తయారుచేస్తారు. ఒక మాడ్యూల్ ఇంకోదాని మీద ఆధారపడుతుంది కాబట్టి వరస తప్పితే పని ఆగిపోతుంది. బిల్డ్ అయినవాటికి ఆటోమేటిక్ పరీక్షలు నడుస్తాయి. ఫెయిలైన ప్రతిదానికీ ఒక బగ్ నమోదవుతుంది. మూల రచయిత సరిచేయకపోతే డెబియన్ వాళ్లే ప్యాచ్ (సవరణ కోడ్) రాస్తారు. ఇవన్నీ ఒక కొలిక్కి వచ్చాకే డిఫాల్ట్ మారుతుంది. ఆ తర్వాతే పాతదాన్ని తీసేస్తారు. ఇందులో చాలా భాగం వాలంటీర్ల శ్రమ. ఆ పని మన కంటికి కనిపించదు, కానీ మన సర్వర్లు నిలబడింది దాని మీదే.

2023 అక్టోబరులో వచ్చిన 3.12నే తీసుకోండి. అందులోంచి ప్యాకేజీలు తయారుచేసే డిస్ట్‌యుటిల్స్, వేరే కోడ్‌ను తెచ్చుకునే ఇంప్ అనే పాత మాడ్యూళ్లు తీసేశారు. వాటిని నమ్ముకున్న పాత ప్యాకేజీలన్నీ సవరించాల్సి వచ్చింది. నడుస్తున్న 22.04లోకి అలాంటి మార్పు తెస్తే, రాత్రి బాగా పనిచేసిన మీ స్క్రిప్టులు పొద్దున్నే ఆగిపోతాయి. అందుకే ఆ మార్పు 24.04లో 3.12తో కలిసి వచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 3.13 ఉంది.

ఆర్చ్‌లో కొత్తది త్వరగా వస్తుంది, నిజమే. తమ అధికారిక ప్యాకేజీలను వాళ్లూ మళ్లీ బిల్డ్ చేసే ఇస్తారు. కానీ ఏయూఆర్ (ఆర్చ్ వాడేవాళ్లే నడిపే ప్యాకేజీల నిల్వ) నుంచి మనం తెచ్చుకున్న పైథాన్ ప్యాకేజీలను మనమే మళ్లీ బిల్డ్ చేసుకోవాలి. ప్యాకేజీలు ఉండే ఫోల్డర్ పేరులోనే వెర్షన్ నంబర్ ఉండటంతో, కొత్త పైథాన్ పాత ఫోల్డర్ వైపు చూడదు. ఈ విషయంలో నాకు బాగా నచ్చింది రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ 8వ వెర్షన్ పద్ధతి. సిస్టమ్ టూల్స్ కోసం ప్లాట్‌ఫామ్-పైథాన్ అని ఒకటి విడిగా పెట్టి, మనం వాడుకునేదాన్ని వేరు చేశారు.

ప్రశ్న: సీతమ్మధారలో మాకు షాపు ఉంది. బిల్లుల లెక్కలు తీసే స్క్రిప్ట్ మా అబ్బాయి రాసిచ్చాడు. సిస్టమ్‌ను 22.04 నుంచి 24.04కి మార్చాక అది నడవడం లేదు. ప్యాకేజీలు మళ్లీ వేద్దామంటే పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ఒప్పుకోవడం లేదు.

జవాబు: స్క్రిప్ట్ చెడిపోలేదండీ. మీ అబ్బాయి పెట్టిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సిస్టమ్ పైథాన్‌కు లింకుగా ఉండి ఉంటుంది. ఆ లింకు ఇప్పుడు 3.12 వైపు చూస్తోంది, ప్యాకేజీలు మాత్రం 3.10 ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి. వాటి జాబితా ఎక్కడా రాసుకోలేదని దిగులు పడకండి. ఆ ఫోల్డర్‌లోని సైట్-ప్యాకేజెస్ తెరిస్తే, డిస్ట్-ఇన్ఫో అని ముగిసే ఫోల్డర్ల పేర్లలో ప్యాకేజీ పేరు, వెర్షన్ రెండూ ఉంటాయి. ద్వారకానగర్‌లో తెలిసినవాళ్ల కంప్యూటర్ బాగుచేసినప్పుడు నన్ను ఆదుకున్నవి ఆ పేర్లే.

జాబితా రాసుకున్నాక కొత్త ఎన్విరాన్‌మెంట్ పెట్టి, అందులో వాటిని వేయండి. పాతదాన్ని వెంటనే తీసేయకుండా నెల రోజులు పక్కన ఉంచండి. పిప్ అడ్డుపడటం మన మేలు కోసమే. సిస్టమ్ ప్యాకేజీల మీద మనవి పడకుండా ఆపుతోంది. బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని చేర్చి దాన్ని దాటేయమని ఎవరైనా చెబితే వినకండి. కొత్త ఎన్విరాన్‌మెంట్‌లోనూ డిస్ట్‌యుటిల్స్ లేదని ఎర్రర్ వస్తే, ప్రస్తుతానికి అందులో సెటప్‌టూల్స్ వేయండి, పని నడుస్తుంది. మీ అబ్బాయి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు స్క్రిప్ట్‌లో డిస్ట్‌యుటిల్స్‌ను వాడిన లైన్లు మార్చమనండి.