మందుల డబ్బా సర్దేముందు

చిట్టితల్లీ,

అత్తగారూ మామగారూ ఇకమీదట మీ దగ్గరే ఉంటారని, ఇద్దరి మందులూ కలిసి ఒక సంచీడయ్యాయని, ఎక్కడ పెట్టాలో తోచడం లేదని రాశావు. అందిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లాడున్న ఇంట్లో ఆ టెన్షన్ ఉండాల్సిందే. ఇన్నేళ్లు మందుల షాపులో కూర్చున్న పెద్దమ్మని అడిగావు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు ఆ గాజు సీసాల ఆలోచన మానుకో. మాత్రలన్నీ వలిచి సీసాల్లో పోసి పేర్లు రాసి అతికిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, అన్నీ స్ట్రిప్పు మీదే ఉంటాయి. తెల్లగా గుండ్రంగా ఉండే మాత్రలు ఎన్ని రకాలో! ఒకసారి కలిసిపోయాయంటే నేను కూడా విడదీయలేను. పైగా ఆ రేకు తేమ, వెలుతురు తగలకుండా కాపాడుతుంది. స్ట్రిప్పు వాడేటప్పుడు తేదీ ముద్రించిన కొసను ఆఖరికి ఉంచి, రెండో కొస నుంచి మాత్రలు తీస్తూ రా. సీసాలో వచ్చే మందులైతే లోపలుండే చిన్న సిలికా పొట్లాన్ని పారేయకు, అది తేమ పీల్చడానికే. దూది ఉంటే మాత్రం తీసెయ్, అదే తేమను పట్టి ఉంచుతుంది.

గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు గాజు సీసాలో వచ్చాయంటే అందులోనే ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాలోకి మారిస్తే మందు ఆవిరై బలం తగ్గిపోతుంది. మామగారు అవి వాడుతుంటే ఆ సీసాకి తాళం వేయకు. అవసరమైనప్పుడు తాళంచెవి వెతుక్కునే వ్యవధి ఉండదు. ఆయనకి వెంటనే అందాలి, పిల్లాడికి అందకూడదు. చొక్కా పైజేబు పనికిరాదు, ఒంటి వేడి తగులుతుంది, వంగితే జారి పడుతుంది.

వారానికి సరిపడా గళ్ల డబ్బా కొంటానన్నావు. కొను, ఉదయం వేసుకున్నానా లేదా అనే గొడవ తీరుతుంది. ఒక్క వారానికే నింపు. పిల్లలు దాని మూతలు ఇట్టే తీసేస్తారని గుర్తుపెట్టుకో. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఇంట్లో ఉంటే దాన్ని రోజూ వేసుకునే వాటితో కలపనే కలపకు. అది వారానికి ఒక్కసారి వేసుకునేది. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోయినవాళ్లున్నారు. దాన్ని విడిగా పెట్టి, పెట్టె మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో రాయి.

ఇక చోటు. బాత్రూమ్‌లో అద్దం వెనక అర, పొయ్యి పక్క అల్మరా, కిటికీ గట్టు, ఎండలో నిలిపిన కారు, ఇవి నాలుగూ వద్దు. చాలా మందులకు 25 లేదా 30 డిగ్రీలు దాటకూడదని పెట్టె మీదే ఉంటుంది. ఆస్పిరిన్ సీసా మూత తీయగానే వెనిగర్ వాసన వచ్చిందంటే తేమకి మందు విడిపోయిందన్నమాట. బెడ్‌రూమ్ బీరువాలో పై అర, తాళంతో, సరిపోతుంది.

ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉన్నవే ఫ్రిజ్‌లోకి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు అరలో పెట్టకు, ఫ్రీజర్‌కి ఆనించి కూడా పెట్టకు. ఒకసారి గడ్డకట్టిందా, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్ను బయట ఉంచొచ్చు, చాలా రకాలకి 4 వారాల గడువు. రకాన్ని బట్టి మారుతుంది కనక లోపలి కాగితం చదివి, తెరిచిన తేదీ దాని మీదే రాయి. కంటి చుక్కలకీ అంతే.

పిల్లాడి సంగతి. నొక్కి తిప్పితే గానీ రాని మూత పిల్లల్ని ఆలస్యం చేస్తుంది, ఆపదు. నిజానికి మందులు దొరికేది బీరువాలో కాదు, అత్తగారి హ్యాండ్‌బ్యాగులో, దిండు కింద, మంచం పక్క స్టూలు మీద. షుగర్‌కి వాడే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఒక్కటి మింగినా పసివాడికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ కొన్ని గంటల తర్వాత. ఆడుకుంటున్నాడు కదా అని ఆగకూడదు. వాంతి చేయించకు, ఆ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లు. వాడికి మందు వేసేటప్పుడు చాక్లెట్ అని ఎవరూ చెప్పొద్దు.

ఇదంతా పెద్దవాళ్లకి నువ్వు చెబితే మన మందులకి కోడలు తాళం వేసిందనుకుంటారు. అబ్బాయితో చెప్పించు. ఒక తాళంచెవి అత్తగారి చేతికే ఇవ్వు, ఆవిడ నీకన్నా జాగ్రత్తగా చూసుకుంటారు.

డాక్టరు మాన్పించిన మందు మర్నాటికి ఆ అరలో ఉండకూడదు. ఎప్పటికైనా పనికొస్తుందని దాచే సగం యాంటీబయాటిక్ కోర్సులంటే నాకు ఒళ్లుమంట. పాతవి వెనక్కి తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడ ఇచ్చెయ్. లేకపోతే వలిచి మట్టిలో కలిపి, కవర్లో గట్టిగా మూటకట్టి చెత్తలో వెయ్. లేబుల్ మీద పేరుంటే గీకెయ్. నొప్పికి అతికించే ప్యాచీల్లో వాడేశాక కూడా మందు మిగిలే ఉంటుంది, జిగురు వైపు లోపలికి మడవాలి. ఇన్సులిన్ సూదులు మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండకముందే మూత బిగించు.

అత్తగారి బీపీ మందు పోయిన నెల మార్చారన్నావు. పాత స్ట్రిప్పు ఇంకా సంచీలోనే ఉండి ఉంటుంది, ముందు దాన్ని వెతుకు.

మీ పెద్దమ్మ