లినక్స్ సందేహాలు: ఫోను కలిసినా పేజీ తెరుచుకోకపోతే

ప్రశ్న: ఇంటి కంప్యూటర్లో నా మిత్రుడు రెడ్ హ్యాట్ లినక్స్ 9 (2003లో వచ్చిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్) ఇన్‌స్టాల్ చేసి ఇచ్చాడు. ఆన్ చేసిన ప్రతిసారీ మెయిల్ పంపే ప్రోగ్రాము సెండ్‌మెయిల్ అన్న వరుస దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగిపోతోంది. డయలప్ ప్రోగ్రాము కేపీపీపీతో డయల్ చేస్తే కనెక్షన్ వచ్చినట్టే చూపిస్తుంది, సమయం కూడా లెక్కపెడుతుంది, కానీ మొజిల్లా బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరుచుకోదు. విండోస్‌లో ఇదే మోడెం, ఇదే ఖాతా బాగా పనిచేస్తున్నాయి. నెట్‌వర్క్ కార్డుకు 192.168.0.10 అన్న చిరునామా, గేట్‌వేకూ (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే యంత్రం) డీఎన్ఎస్‌కూ (పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే సర్వర్) 192.168.0.1 ఇచ్చానని మిత్రుడు చెప్పాడు. అనవసరమైన సర్వీసులను (తెర వెనుక నడిచే ప్రోగ్రాములను) ఎలా ఆపాలో కూడా తెలుపగలరు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు రెండు సమస్యలుగా రాసినవి ఒక్కచోటే పుట్టాయి. 192.168.0.1 అనే యంత్రం మీ మిత్రుడు పనిచేసే చోట ఉందేమో గానీ మీ ఇంట్లో లేదు. సెండ్‌మెయిల్ మొదలయ్యేటప్పుడు తానున్న కంప్యూటర్ పూర్తి పేరు తెలుసుకోవాలని చూస్తుంది. అది కంప్యూటర్ల పేర్లు, చిరునామాలు రాసి ఉండే హోస్ట్స్ ఫైలులో దొరక్కపోతే డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. అక్కడ జవాబిచ్చే సర్వరే లేనందువల్ల గడువు తీరేదాకా వేచి చూసి, మళ్లీ అడిగి, మళ్లీ వేచి చూస్తుంది. మీకు కనిపిస్తున్న ఆలస్యం అదే.

ఇంటర్నెట్ సంగతీ ఇలాంటిదే. బయటి ప్రపంచానికి వెళ్లవలసిన సమాచారమంతా ఏ దారిన పోవాలో చెప్పే డిఫాల్ట్ దారి ఒకటి సిస్టమ్‌లో ఉంటుంది. గేట్‌వే ఇచ్చినందువల్ల ఆ దారి ముందే నెట్‌వర్క్ కార్డు పేర నమోదైపోయింది. ఫోను కలిశాక, ఫోను లైను మీద ఇంటర్నెట్‌ను కలిపే పీపీపీ ప్రోగ్రాము కొత్త దారి వేయబోయి, పాతది ఉండటం చూసి దాన్ని మార్చకుండా వదిలేస్తుంది, ఆ మాట సిస్టమ్ లాగ్‌లో రాసిపెడుతుంది కూడా. కనుక మోడెం సిద్ధంగానే ఉన్నా, మీరు అడిగిన పేజీల అభ్యర్థనలన్నీ ఎవరూ లేని కార్డు వైపుకు పోతున్నాయి. ఈలోగా ఫోను మీటరు తిరుగుతూనే ఉంటుంది.

నా మాట మీద నమ్మకంతో కాక, మీరే పరీక్షించి చూడండి. కనెక్ట్ అయ్యాక టెర్మినల్ తెరిచి, రూట్ యూజర్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) రౌట్ ఆదేశాన్ని మైనస్ ఎన్ ఆప్షన్‌తో (route -n) ఇవ్వండి. 0.0.0.0తో మొదలయ్యే వరుస చివర పీపీపీ0 (మోడెం కనెక్షన్) ఉండాలి. ఈటీహెచ్0 (నెట్‌వర్క్ కార్డు) కనిపిస్తే లోపం ఖాయమైనట్టే. అప్పుడు మెయిన్ మెనూలోని సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను తెరిచి, ఈటీహెచ్0 వివరాల్లోంచి గేట్‌వే చిరునామాను తుడిచేయండి. ఆ కార్డుకు ఏ కేబులూ తగిలించి లేకపోతే, కంప్యూటర్‌తో పాటే దాన్ని మొదలుపెట్టమనే టిక్కును కూడా తీసేయవచ్చు. డీఎన్ఎస్ ట్యాబ్‌లోని 192.168.0.1ను తొలగించి, సేవ్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. కేపీపీపీ ఖాతా వివరాల్లో డిఫాల్ట్ దారిని ఈ గేట్‌వేకే ఇవ్వమనే టిక్కు ఉన్నదీ లేనిదీ, డీఎన్ఎస్ ఆటోమేటిక్‌గా ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

ఇక సర్వీసులు. మెయిన్ మెనూలో సిస్టమ్ సెట్టింగ్స్, అందులో సర్వర్ సెట్టింగ్స్, అందులో సర్వీసెస్ తెరిస్తే జాబితా వస్తుంది. అక్కడ స్టాప్ నొక్కితే సర్వీసు ఇప్పటికి మాత్రమే ఆగుతుంది; టిక్కు తీసి సేవ్ చేస్తేనే వచ్చేసారి మొదలు కాకుండా ఉంటుంది. మెయిల్‌ను మొజిల్లాలోనో ఎవల్యూషన్‌లోనో చూసుకునే ఇంటికి సెండ్‌మెయిల్ అక్కరలేదు. డిజిటల్ ఫోను లైన్ల కోసం ఉన్న ఐఎస్‌డీఎన్, ల్యాప్‌టాప్ కార్డుల కోసం ఉద్దేశించిన పీసీఎంసీఐఏ, ఇతర కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎన్ఎఫ్ఎస్‌లాక్, పోర్ట్‌మ్యాప్ కూడా మీకు అనవసరం. ప్రింటర్ లేకపోతే కప్స్‌ను ఆపండి. కొత్త హార్డ్‌వేర్ కోసం వెతికే కుడ్జును ఆపితే కొన్ని సెకన్లు మిగులుతాయి, కానీ ఏదైనా కార్డు మార్చిన రోజున దాన్ని మళ్లీ నడపాలి.

ఆపకూడని వాటి గురించి మాత్రం కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఉత్సాహం కొద్దీ అన్ని టిక్కులూ తీసేసి చిక్కుల్లో పడ్డవారి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అన్న పేరు చూసి అదేదో ఫైల్ సిస్టమ్ అనుకుంటారు. ఇక్కడ అది అక్షరాల రూపాలను అందించే ఫాంట్ సర్వర్, అది లేకపోతే గ్రాఫిక్ తెర అసలు రాదు. నెట్‌వర్క్ అన్న సర్వీసు కార్డుతో పాటు కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్‌ను కూడా సిద్ధం చేస్తుంది కనుక, కార్డు వాడకపోయినా దాన్ని ఉంచాలి. ఐపీటేబుల్స్ మీ ఫైర్‌వాల్. డయలప్ వాడేవారు దాన్ని ఎంత మాత్రం ఆపకూడదు. రోజువారీ నిర్వహణ పనులు తెల్లవారుజామున 4 గంటల 2 నిమిషాలకు జరిగేలా అమర్చి ఉంటాయి. ఆ వేళకు ఇంటి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి, తప్పిపోయిన పనులను తర్వాత చేయించే అనాక్రాన్‌ను కూడా ఉంచండి.

ఒక్కో సర్వీసునే ఆపి, రీస్టార్ట్ చేసి చూసుకుంటూ వెళ్లండి. పొరపాటున ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఆగిపోయి తెర రాకపోతే, కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ ‘a’ అక్షరం నొక్కి, వచ్చిన వరుస చివర ఖాళీ వదిలి 3 చేర్చి ఎంటర్ నొక్కండి. అక్షరాల తెర మీద రూట్‌గా లాగిన్ అయి, చెక్‌కాన్ఫిగ్ (chkconfig) ఆదేశం పక్కన సర్వీసు పేరు, ఆన్ అన్న మాట రాసి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

ప్రశ్న: నా కంప్యూటర్లో 128 మెగాబైట్ల ర్యామ్ ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ చాలా నెమ్మదిగా నడుస్తోంది. మరో డెస్క్‌టాప్ అయిన కేడీఈకి మారితే వేగం పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పెరగదు; ఆ రెండింటి బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గ్నోమ్‌లో ఉండి కేడీఈ ప్రోగ్రాములు తెరిస్తే రెండింటి లైబ్రరీలూ మెమరీలోకి వస్తాయి కనుక ఇంకా బరువవుతుంది. ఏదో ఒకదానికే కట్టుబడి ఉండండి, లేదా విండోమేకర్ వంటి తేలికైన దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, లాగిన్ తెరలోని సెషన్ మెనూ నుంచి ఎంచుకోండి. ముందుగా ఫ్రీ అన్న ఆదేశం ఇచ్చి స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు) వరుసను చూడండి. పై వరుసలో ర్యామ్ దాదాపు అంతా ఖర్చయినట్టు కనిపిస్తే కంగారు పడవద్దు, మిగిలిన మెమరీని లినక్స్ డిస్కు సమాచారం దాచడానికి వాడుకుంటుంది. స్వాప్ వాడకం పెరుగుతూ పోతుంటేనే ర్యామ్ చాలడం లేదని అర్థం. స్తోమత ఉంటే మరో 128 చేర్చండి, డెస్క్‌టాప్ మార్చడం కన్నా అదే ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: కేపీపీపీ నా ఇంటర్నల్ మోడెంను గుర్తించడమే లేదు. మోడెం పాడైందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పాడై ఉండకపోవచ్చు. తక్కువ ధరకు వచ్చిన పీసీఐ (కంప్యూటర్ లోపల అమర్చే) మోడెంలలో చాలావరకు తమ పనిలో పెద్ద భాగాన్ని విండోస్ డ్రైవర్‌కే అప్పగిస్తాయి. ఆ డ్రైవర్ లేని చోట అవి మూగబోతాయి. రూట్‌గా ఎల్ఎస్‌పీసీఐ (lspci) ఆదేశం ఇచ్చి చిప్ ఎవరిదో చూడండి. లూసెంట్, కోనెక్సాంట్ చిప్‌లు కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు దొరికేవి. అయితే డ్రైవర్ మీ కెర్నెల్ (లినక్స్ మూల భాగం) వెర్షన్‌కు సరిపోవాలి, రెడ్ హ్యాట్ 9తో వచ్చేది 2.4.20-8. కెర్నెల్ మార్చినప్పుడల్లా ఈ పని మళ్లీ చేసుకోవాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే సీరియల్ పోర్టుకు తగిలించే ఎక్స్‌టర్నల్ మోడెం కొనండి. విండోస్‌లో కామ్1 అనేదే లినక్స్‌లో టీటీవైఎస్0. కేపీపీపీలో దాన్ని ఎంచుకుంటే వేరే డ్రైవర్ అక్కరలేదు.