కాల్షియం సీసాలు పక్కన పెట్టండి, ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి

ప్రశ్న: మాకు ఎనిమిది ముర్రా గేదెలు, రెండు పడ్డలు, మూడు దూడలు ఉన్నాయి. ఏడాదిగా నాలుగు గేదెలు కుంటుతున్నాయి. ఒకరోజు ఒక కాలు, మరో రోజు ఇంకో కాలు. పడుకున్నవి లేవడానికి అవస్థ పడుతున్నాయి, పాలు తగ్గాయి. గాలికుంటు కాదని డాక్టరు గారు చెప్పారు. మా కొట్టంలో పుట్టి పెరిగిన పడ్డలకు ముందు పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి, చల్లటి నీళ్లు పెడితే కుక్కలా నాలుకతో గతుకుతున్నాయి. హర్యానా నుంచి ఐదేళ్ల క్రితం కొని తెచ్చిన పెద్ద గేదెల పళ్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి. పొలంలోని 600 అడుగుల బోరు నీళ్లు తాపుతాం. వేసవిలో ఊళ్లోని ఆర్వో ప్లాంటు వాళ్లు వదిలేసే నీళ్లు తెస్తాం. మేత వరిగడ్డి, కొద్దిగా పచ్చిగడ్డి, తవుడు. కాల్షియం లోపమని మందుల దుకాణం ఆయన చెబితే నాలుగు నెలలుగా రోజుకు 100 మి.లీ. నానో కాల్షియం పోస్తున్నాం. విషాలను లాగేస్తుందని ఒక టాక్సిన్ బైండర్ పొడి ఇచ్చారు. ఆయనే కలిపి సంచిలో పోసి ఇచ్చే లవణ మిశ్రమం 75 గ్రాముల చొప్పున వేస్తున్నాం. గుణం లేదు. కాల్షియం రెట్టింపు చేయాలా, కంపెనీ మార్చాలా? ఈ పాలు పిల్లలకు పట్టవచ్చా?
– ఒక పాడి రైతు, మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా

జవాబు: రెట్టింపు చేయవద్దు, కంపెనీ మార్చవద్దు. మీరు రాసిన లక్షణాలకు కారణం కాల్షియం లోపం కాదు. ఇది ఫ్లోరోసిస్, అంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరి పళ్లను, ఎముకలను పాడుచేసే జబ్బు అని నా గట్టి అనుమానం. ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మీ మండలం నుంచి ఉత్తరం రాస్తూ నీళ్ల సంగతి మధ్యలో ఎక్కడో చెప్పడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మీ ఇంటి కుళాయికి కృష్ణా నీళ్లు వచ్చి ఉండవచ్చు. మీ గేదెలకు రాలేదు కదా.

పళ్ల దగ్గరే విషయం తేలిపోతోంది. ఫ్లోరైడ్ పంటి పింగాణీని పాడుచేసేది పన్ను చిగురు లోపల తయారవుతున్న కాలంలోనే. బయటికి వచ్చి గట్టిపడిన పన్ను మీద మచ్చ వేయలేదు. మీ పడ్డలు దూడలుగా ఉన్నప్పటి నుంచి ఈ నీళ్లే తాగాయి కాబట్టి వాటి శాశ్వత దంతాలు చారలతో వచ్చాయి. హర్యానా గేదెలు పళ్లన్నీ వేశాక మీ దగ్గరికి వచ్చాయి, అందుకే పళ్లు శుభ్రం. కానీ ఎముక బతికున్నంతకాలం తనను తాను మార్చుకుంటూనే ఉంటుంది, కాబట్టి ఐదేళ్లలో వాటి కాళ్లు పట్టేశాయి. కాల్షియం లోపమైతే పుట్టిన చోటును బట్టి పళ్లు ఇలా వేరుపడవు. నాలుకతో నీళ్లు గతకడం అరిగిన పంటికి చల్లదనం జివ్వుమనడం వల్ల. తోక కొస, చెవి అంచులు ఎండి రాలుతున్నాయా అని కూడా ఒకసారి చూడండి. అలా ఉంటే బూజు పట్టిన వరిగడ్డితో వచ్చే డెగ్నాలా జబ్బు, దాని దారి వేరు. మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను.

ఈ జబ్బు మన ప్రాంతానికి కొత్త కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. అంతకుముందే దుక్కిటెద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని అక్కడి రైతులు గమనించారని చెబుతారు.

ఎముకలోని ఖనిజం కాల్షియం, భాస్వరం, హైడ్రాక్సిల్ కలిసిన స్ఫటికం. హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ తేలిగ్గా దూరిపోతుంది. అలా మారిన స్ఫటికం కరగడం తగ్గుతుంది, కొత్తగా పడే ఎముక అడ్డదిడ్డంగా, బుడిపెలుగా పెరుగుతుంది. కాలి నలి ఎముక మీద, పక్కటెముకల మీద చేత్తో తడిమి చూడండి, గడ్డల్లా తగలవచ్చు. లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకలో చేరి కూర్చుంటుంది.

ఇక మీ సీసా. లేబుల్ తిప్పి చదవండి. ఇలాంటి ద్రవాల్లో సాధారణంగా 100 మి.లీ.కు 2 గ్రాముల లోపే కాల్షియం ఉంటుంది. గేదె ఒక లీటరు పాలలోనే సుమారు 1.8 గ్రాముల కాల్షియం బయటికి పంపుతుంది. అంటే మీరు రోజూ పోసేది ఒక్క లీటరు పాలకు సరి. 20 శాతం కాల్షియం ఉన్న మంచి లవణ మిశ్రమం 50 గ్రాములు వేస్తే 10 గ్రాములు అందుతుంది, ఖర్చులో పోలికే లేదు. నానో అన్న మాటకు భయపడాల్సిన పనీ లేదు, భక్తి చూపాల్సిన పనీ లేదు. రేణువు చిన్నదైతే ఒంటికి పట్టే తీరు కొంత మారవచ్చు, సీసాలో లేని కాల్షియం మాత్రం పుట్టుకురాదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను అది బయటికి లాగనూ లేదు.

టాక్సిన్ బైండర్ సంగతి ఇంకా అన్యాయం. వాటిలో ఎక్కువ భాగం బెంటొనైట్ వంటి బంకమట్టి ఖనిజాలు. ఆ మట్టి పొరల మీద ఉండేది రుణావేశం. బూజు దాణాలోని అఫ్లాటాక్సిన్‌ను పొరల మధ్య బాగానే ఇరికించుకుంటుంది. ఫ్లోరైడ్‌దీ రుణావేశమే కాబట్టి పొట్టలోని పరిస్థితుల్లో ఆ మట్టి దాన్ని దాదాపు పట్టుకోదు. అమ్మిన మనిషికి ఈ సంగతి తెలియదో, తెలిసీ అమ్మాడో నాకు తెలియదు. మీ డబ్బు మాత్రం పేడలో పోతోంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఆ సంచి పొడి. లేబుల్ లేని లవణ మిశ్రమంలో భాస్వరం కోసం ఏం కలిపారు? దాణాకు పనికొచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్ ఖరీదు. పొలానికి వేసే రాక్ ఫాస్ఫేట్ చవక, కానీ అందులో సుమారు 3 శాతం ఫ్లోరిన్ ఉంటుంది. ఫ్లోరిన్ తొలగించకుండా దాన్ని పశువుకు పెట్టకూడదు. పెట్టదగిన భాస్వరపు దినుసులో ఫ్లోరిన్ భాస్వరంలో నూరో వంతుకు మించకూడదన్నది లెక్క. మీ 75 గ్రాముల్లో మూడో వంతు రాక్ ఫాస్ఫేట్ అనుకుందాం. 25 గ్రాములు, అంటే 750 మిల్లీగ్రాముల ఫ్లోరిన్. రాతిలోది నీళ్లలోదంత సులువుగా ఒంటికి పట్టదు, సగమే పట్టిందనుకున్నా 375. బోరు నీళ్లలో లీటరుకు 4 మి.గ్రా. ఉండి, గేదె రోజుకు 70 లీటర్లు తాగితే మరో 280. మొత్తం 655. రోజుకు 12 కిలోల ఎండు పదార్థం తినే పాడి గేదె తట్టుకోగలిగేది కిలోకు 40 మి.గ్రా. చొప్పున 480. ఈ రాక్ ఫాస్ఫేట్ వాటా, నీళ్ల అంకె నా ఊహలు. అసలు అంకెలు మీరు తెప్పించాలి. పొడి మాత్రం ఈ రోజే ఆపేయండి. ఇలాంటి పొడులతో పాటు సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ ఎరువులను కుడితిలో కలిపే వారు కూడా ఉన్నారని విన్నాను. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

నీళ్ల నమూనా తీసే పద్ధతి రాస్తున్నాను, అలాగే చేయండి. మోటారు పది నిమిషాలు నడిచాక బోరు పైపు దగ్గరే పట్టండి, తొట్టిలోంచి ముంచవద్దు. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. తొట్టి నీళ్లు, ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లు, ఇంటి కుళాయి నీళ్లు వేరువేరు సీసాల్లో పట్టి, పేర్లు రాసి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు ఇవ్వండి. ఇప్పుడొకసారి, ఎండలు ముదిరాక మరోసారి పరీక్షించాలి. మనుషులకు 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) లోపు మేలు, వేరే నీరు లేకపోతే 1.5 వరకు. పశువులకు 2 పీపీఎం దాటకూడదు. కుంటుతున్న రెండు గేదెల మూత్రం కూడా ఫ్లోరైడ్ పరీక్షకు పంపించమని మీ డాక్టరు గారిని అడగండి, నిర్ధారణ అక్కడ పూర్తవుతుంది.

ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లు ఇక ఒక్క బక్కెట్ కూడా తాపవద్దు. ఆ యంత్రం ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, మనుషుల నీళ్లలోంచి తీసి వదిలేసే నీళ్లలోకి నెడుతుంది. సగం నీళ్లు వదిలేసే ప్లాంటైతే వాటిలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు. ఉచితంగా వస్తున్నాయని ఊరంతా పశువులకు పట్టడం నేను చాలాచోట్ల చూస్తున్నాను.

కుళాయి నీళ్లు పరిమితమే కాబట్టి వంతు వేయాలి. ముందు దూడలకు, పళ్లు పూర్తిగా వేయని పడ్డలకు, తర్వాత చూడి గేదెలకు. మిగిలిన వాటికి కలిపి ఇవ్వండి. బోరులో 4, కుళాయిలో 0.5 ఉంటే, మూడు పాళ్ల కుళాయి నీళ్లకు రెండు పాళ్ల బోరు నీళ్లు కలిపితే 1.9 వస్తుంది. చెరువు నీళ్లు, వాననీటి కుంట ఉంటే పరీక్ష చేయించి వాడుకోండి. తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి కడగండి. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ అడుగున మిగిలిపోతుంది.

పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతి గురించి మీరు విని ఉంటారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఇళ్లకు మంచి పద్ధతే. మందకు మాత్రం నేను సిఫారసు చేయను. లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది, మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారతను బట్టి మారుతుంది, రోజుకు 500 లీటర్లకు పైగా చేయాలి, అడుగు మడ్డిని ఎక్కడ పోస్తారు? ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలతో చేసే యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత దూడల వరకు ఆలోచించవచ్చు. అది పీహెచ్ 5.5–6 దగ్గర బాగా పట్టుకుంటుంది, మన బోరు నీళ్లు అంతకన్నా క్షారంగా ఉంటాయి. నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. ఆ ఓపిక లేకపోతే కొనకండి. పటికను నేరుగా దాణాలో వేయమని ఎవరైనా అంటే వినవద్దు. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకోవడం నిజమే, భాస్వరాన్నీ పట్టుకుంటుంది. వరిగడ్డి తినే గేదెకు ఉన్న భాస్వరమే తక్కువ.

మేత విషయం. ఐఎస్ 1664 (పశువుల లవణ మిశ్రమానికి భారతీయ ప్రమాణం) గుర్తు ఉండి, కాల్షియం 20, భాస్వరం 12 శాతానికి తగ్గకుండా ఉన్న లవణ మిశ్రమం పాలిచ్చే గేదెకు రోజుకు 60 గ్రాములు, పడ్డకు 40, దూడకు 20. ఉప్పు విడిగా పెద్ద పశువుకు 30 గ్రాములు. పాలిచ్చే గేదెకు శరీర పోషణకు 2 కిలోలు, ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో సమతుల్య దాణా. ఒట్టి తవుడు దాణా కాదు. బక్కచిక్కిన పశువు మీద ఫ్లోరైడ్ ఎక్కువ దెబ్బ వేస్తుంది. పళ్లు అరిగిన వాటికి గడ్డిని 2–3 సెంటీమీటర్ల ముక్కలు చేసి, దాణాను నానబెట్టి పెట్టండి. చలికాలం గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి.

నొప్పికి మెలాక్సికామ్ కిలో బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున డాక్టరు గారే వేయాలి, అదీ నడవలేని రోజుల్లోనే. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006 నుంచి నిషేధం. దుకాణంలో ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు.

పళ్ల మచ్చలు పోవు, బుడిపెలు కరగవు. మంచినీళ్లు అందితే నెలల మీద కుంటు తగ్గవచ్చు, మేత తినడం మెరుగుపడవచ్చు, పుట్టబోయే దూడలు శుభ్రమైన పళ్లతో పెరుగుతాయి. అంతకుమించి హామీ ఇచ్చే మందు ఏదైనా సరే కొనకండి.

పాలు నిశ్చింతగా పట్టవచ్చు. గేదె ఎంత ఫ్లోరైడ్ తాగినా పాలలోకి దిగేది అతి స్వల్పం. పాలలో బోరు నీళ్లు కలపనంతవరకు అనుకోండి. పొలానికి వెళ్లినప్పుడు పిల్లలు ఆ బోరు దగ్గర దోసిలి పట్టకుండా చూసుకోండి.

నీళ్ల ఫలితాలు వచ్చాక అంకెలతో మళ్లీ రాయండి. ఆ సంచిలో మిగిలిన పొడిని పారేయవద్దు. పావు కిలో విడిగా కట్టి, కొన్న తేదీ రాసి, ఫ్లోరిన్ పరీక్షకు పంపించమని మీ మండల పశువైద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.