ఎండుగడ్డి కట్టలకు ప్లాస్టిక్ చుట్టించకండి

మీ ప్రశ్న ఇది: "ఎకరంన్నర వరి ఉంది, రెండు గేదెలున్నాయి. ఈసారి గడ్డిని బేలర్‌తో గుండ్రటి కట్టలు కట్టించి, వీడియోల్లో చూపిస్తున్నట్టు తెల్ల ప్లాస్టిక్ కవర్ చుట్టించి పెడదామనుకుంటున్నాను. ఏడాదంతా పాడవకుండా ఉంటుందా?"

ఉండదు. కట్టలు తప్పకుండా కట్టించండి, ప్లాస్టిక్ మాత్రం వద్దు. మాది సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలం. ఊళ్లోకి బేలర్, అంటే గడ్డిని చుట్టి కట్టే మిషన్, వచ్చినప్పటి నుంచి మా గడ్డి దానితోనే కట్టిస్తున్నాం. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

మీరు చూసిన వీడియోలు ఐర్లాండువో, ఇంగ్లండువో అయి ఉంటాయి. అక్కడ తెల్లగా, నల్లగా మెరిసే చుట్టల్లో ఉండేది ఎండుగడ్డి కాదు, పచ్చిగడ్డి. కోసి కొంచెం వాడనిచ్చి, ఇంకా సగం తేమ ఉండగానే చుట్ట కట్టి, ఒక రోజు దాటకుండా నాలుగు నుంచి ఆరు పొరల ఫిల్మ్ బిగించి చుడతారు. లోపల గాలి లేకుండా చేస్తే గడ్డి పులిసి నిలవ ఉంటుంది. మన ఊరగాయ లాంటిదే అనుకోండి. మన దగ్గర మొక్కజొన్నతో చేసే పాతర గడ్డి, అదే సైలేజ్, కూడా ఇదే పద్ధతి. మీకు పచ్చిమేత మిగులుతుంటే దానికి ప్లాస్టిక్ చుట్టించండి, నేను కాదనను. కవర్‌కు ఎలుక కన్నం పెడితే వెంటనే టేపు వేయండి, విప్పిన చుట్టను నాలుగు రోజుల్లో మేపేయండి.

వరిగడ్డి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పచ్చిమేతకు గాలి తగలకూడదు, ఎండుగడ్డికి గాలి ఆడాలి. బాగా ఎండిందనుకున్న గడ్డిలో కూడా కొంత తేమ ఉంటుంది. కవర్ చుట్టేస్తే ఆ తేమ బయటికి పోదు. పగలు ఎండకు ఆవిరై, రాత్రి కవర్ లోపలి వైపు నీటి చుక్కలై మళ్లీ గడ్డి మీదే పడుతుంది. బూజు అక్కడ మొదలవుతుంది.

నిజానికి కవర్ కన్నా నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. గుండ్రటి కట్టతో ఉన్న చిక్కేమిటంటే దాని లోపలేముందో బయటికి కనపడదు. పైన బంగారు రంగులో మెరుస్తుంది, నడిమధ్య మాత్రం పచ్చి. ఇది మా పెదనాన్న పొలంలో కళ్లారా చూశాను.

అది వానాకాలం పంట. నవంబరులో కోత. మడి ఇంకా ఆరలేదని టైర్ల కోత మిషన్ దిగలేదు, చైన్ మిషన్‌తో కోయించారు. చైన్ల కింద పడిన గడ్డి బురదలోకి నొక్కుకుపోయింది. వరసల్లో పైగడ్డి ఎండింది కానీ కిందిది మెత్తగానే ఉంది. బేలర్ పొద్దున వస్తానన్నవాడు వేరే ఊళ్లో పని అయ్యేసరికి సాయంత్రం నాలుగున్నరకు వచ్చాడు. ఆ నెలలో అయిదు దాటితే మంచు దిగడం మొదలవుతుంది. నేను వరస కింద నుంచి గుప్పెడు గడ్డి తీసి మెలిపెట్టి చూశాను. ఎండిన గడ్డి పటపటా విరగాలి. ఇది వంగింది కానీ విరగలేదు.

"పెదనాన్నా, రేపు పొద్దెక్కినంక కట్టిద్దాం" అన్నాను.

"రేపు నాకు కుదరదన్నా, పక్క మండలంలో అడ్వాన్స్ తీసుకున్న. పైన మంచిగనే ఎండింది కదా" అన్నాడు డ్రైవర్.

పెదనాన్న ఆకాశం వైపు చూశాడు. అల్పపీడనమని పొద్దటి నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు. "వానకు తడిసి పోయేదానికన్నా ఇదే నయం, కట్టెయ్" అన్నాడు. ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. ఇంట్లో నాలుగు గేదెలు, వేసవికి వేరే గడ్డి లేదు. లైట్లు వేసుకుని రాత్రి తొమ్మిదింటి దాకా కట్టారు. వాన భయంతో ఆ రాత్రే ట్రాలీలో వేసుకొచ్చి, రేకుల షెడ్డులో సందు లేకుండా పైకప్పు దాకా పేర్చి, ముందు వైపు పరదా కూడా కట్టేశారు.

వారం పది రోజులకు షెడ్డు దగ్గర మాడు వాసన. చెయ్యి పెడితే పైకట్టలు మామూలుగానే ఉన్నాయి. గడ్డపార తెచ్చి కట్టల మధ్యలోకి దింపి, కాసేపుంచి తీశాం. ఆ కొన పట్టుకోలేకపోయాం. అప్పుడు అందరికీ భయం పట్టుకుంది. లోపల ఉడుకుతున్న గడ్డికి ఒక్కసారిగా గాలి తగిలితే నిప్పు అంటుకోవచ్చు. అందుకని డ్రమ్ముల్లో నీళ్లు నింపి పక్కన పెట్టుకుని, మోటారు పైపు కూడా లాగి పెట్టుకుని, ఒక్కో కట్టా బయటికి తీశాం. మధ్య వరసల కట్టలు విప్పితే పొగలా ఆవిరి లేచింది. గడ్డి ముదురు గోధుమ రంగుకు తిరిగింది, కొన్నిటిలో నల్లబడింది. చుట్టూ తెల్లటి బూజు పొడి. పెదమ్మకు ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుని చాలా రోజులు వదల్లేదు. బూజు గడ్డి విదిలించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. గేదెలు వాసన చూసి మొహం తిప్పేసుకున్నాయి. ఆ గడ్డిలో ఎక్కువ భాగం పెంటకుప్పకు పోయింది.

కానీ మెరక మడి నుంచి వచ్చిన కట్టలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అదే మిషన్, అదే డ్రైవర్, అదే రాత్రి, అదే షెడ్డు. తేడా ఒక్కటే, ఆ మడి ముందే ఆరింది. అందుకే ఏ కంపెనీ బేలర్ మంచిదని ఎవరడిగినా, గడ్డి ఎండిందో లేదో ముందు చూసుకోమంటాను. ఎండిన గడ్డిని ఏ మిషనైనా బాగానే కడుతుంది.

కాబట్టి మీరు చేయాల్సింది, కోత అయ్యాక వరసలను పంగలకర్రతో ఒక్కసారైనా తిరగేయండి. యాసంగిలో రెండు మూడు రోజుల ఎండ చాలు. వానాకాలం పంటకు రోజులు లెక్కపెట్టుకోకుండా మెలిపెట్టి చూసుకోండి. పొద్దున పదింటికి ముందు, సాయంత్రం అయిదు తర్వాత కట్టనివ్వొద్దు. మొదటి కట్టల్లో ఒకటి అక్కడే విప్పించి నడిమధ్యన చెయ్యి పెట్టి చూడండి. డ్రైవర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. కట్టిన వెంటనే బిగించి పేర్చకుండా, వాన లేకపోతే ఒకటి రెండు రోజులు విడివిడిగా ఉంచండి. పేర్చాక నెల రోజుల పాటు అప్పుడప్పుడూ గడ్డపార దింపి చూడండి.

డ్రైవర్లు రాత్రిళ్లు కడుతున్నారని వాళ్లనే తిట్టి లాభం లేదు. మిషన్లు తక్కువ, సీజన్ చిన్నది, ఊరంతా ఒకే వారం కోస్తుంది. చిన్న బేలర్ కొనాలన్నా లక్షల్లో మాట. 2018లో కేంద్రం పంట వ్యర్థాల మిషన్లకు ప్రత్యేక పథకం మొదలుపెట్టినప్పుడు పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకే ఇచ్చింది. అక్కడ గడ్డి కాలిస్తే ఢిల్లీకి పొగ వెళుతుంది కాబట్టి వాళ్లకు మిషన్లు. మన పొలాల్లో కాలిస్తే ఆ పొగ ఎవరికీ పట్టదా? ఊరికి రెండు బేలర్లుంటే పెదనాన్న ఆ రాత్రి అంత తొందరపడేవాడే కాదు.

ఇంకో విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మా వైపు కూలి కట్టకింత అని తీసుకుంటారు, ముప్పై నుంచి నలభై రూపాయల మధ్య. కట్టల లెక్కన డబ్బులైతే వదులుగా కట్టినవాడికే లాభం. అదే గడ్డికి పది కట్టలు ఎక్కువ వస్తాయి. మిషన్‌లో బిగుతు పెంచుకునే వీలుంటుంది. రేటు మాట్లాడేటప్పుడే ఒక కట్ట తూకం వేస్తామని చెప్పండి. మాకు బాగా కట్టిన ఎండు కట్ట పద్దెనిమిది కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. పన్నెండు కిలోలే ఉంటే బిగుతు పెంచమనండి. ముప్పై కిలోలుంటే సంతోషపడకండి, అది తేమ బరువు.

దారం గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు ఎక్కువ మంది నీలం రంగు ప్లాస్టిక్ దారం వాడుతున్నారు. గడ్డి వేసేటప్పుడు దాన్ని కోసి అక్కడే పడేస్తారు, గేదె గడ్డితో పాటు మింగేస్తుంది. అది అరగదు, పేడలోనూ రాదు. పొట్టలో ఉండలా చుట్టుకుని పేరుకుపోతుంది. మేత తగ్గి, నెమరు తగ్గి, చివరికి ఆపరేషన్ దాకా వెళుతుంది. జనపనార దారం అడగండి. ధర ఎక్కువే, నేల తడికి కుళ్లుతుంది, ఎలుకలు కొరుకుతాయి, అయినా అదే అడగండి. ప్లాస్టిక్ దారం తప్పకపోతే కొట్టంలో ఒక మేకు కొట్టి, కోసిన ప్రతి దారం దానికి తగిలించాకే గడ్డి వేయమని ఇంట్లో అందరికీ చెప్పండి.

నిలవ చేయడానికి కింద తాటిమొద్దులో ఇటుకలో పరచండి, నేల తడి ఎక్కకూడదు. పైన మాత్రమే పరదా, నడుమ ఎత్తుగా ఉండి నీళ్లు రెండు వైపులా జారిపోయేలా. పక్కలు తెరిచే ఉంచండి. అమెరికా వాళ్లు చుట్టలను పొలంలోనే వదిలేస్తారు కదా అంటారు కొందరు. అయోవాలో వెర్మీర్ కంపెనీ 1970ల మొదట్లో తెచ్చిన పెద్ద చుట్టలు వందల కిలోలుంటాయి. అయిదడుగుల చుట్ట చుట్టూ నాలుగు అంగుళాల మేర తడిసి పాడైనా పోయేది దాదాపు పావు వంతు. మన కట్ట రెండడుగులే. దానికి అంతే మందం పాడైతే సగానికి పైగా పోయినట్టే. మన పెద్దవాళ్లు వేసిన గడ్డివాము మీద వాన పడితే జారిపోయేది, ఎందుకంటే పైగడ్డిని ఏటవాలుగా పరిచేవాళ్లు. ఈ కట్టలు పేర్చిన కుప్పకు ఆ గుణం లేదు, ప్రతి సందులోంచీ నీళ్లు దిగుతాయి.

ట్రాలీ ఎత్తుగా వేయించకండి. పొలాల దారుల్లో కరెంటు తీగలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. తీగ తగిలి గడ్డి ట్రాక్టర్లు కాలిపోయిన వార్తలు ప్రతి సీజన్‌లోనూ చూస్తూనే ఉన్నాం. మా దారిలో తీగ బిగించమని ఎన్నిసార్లు అర్జీ పెట్టినా ఎవరూ రాలేదు. రెండు ట్రిప్పులైనా సరే, తక్కువ ఎత్తుతో తెప్పించుకోండి.

ఇక మీ రెండు గేదెల లెక్క. కొంత పచ్చిమేత ఉంటే ఒక్కోదానికి రోజుకు అయిదు కిలోల ఎండుగడ్డి అనుకోండి. ఏడాదికి రెండిటికీ కలిపి 3,650 కిలోలు, అంటే పద్దెనిమిది కిలోల కట్టలు రెండు వందల పైచిలుకు. హార్వెస్టర్‌తో కోస్తే ఎకరానికి నలభై, యాభై కట్టలు వస్తాయి. మీ ఎకరంన్నరలో రెండు పంటలకూ కట్టించినా నూట ముప్పై దగ్గర ఆగుతాయి. మిగిలిన డెబ్బై కోసం యాసంగి కోతల ముందే పక్క రైతును అడిగి పెట్టుకోండి. నాట్ల తొందరలో కాల్చేసేవాళ్లు గడ్డి ఊరికే తీసుకుపొమ్మంటారు, మీకు కట్టే కూలి, ట్రాలీ బాడుగ మాత్రమే పడతాయి. ఆ గడ్డి కూడా ముందు మెలిపెట్టి చూసే కట్టించండి.