సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే బాబుకి మందులు రాసేస్తారా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోడని, నోట్స్ పూర్తి చేయడని టీచర్ చెబుతున్నారు. పిల్లల సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. వాళ్లు ఏం చదువుతారు? వెళ్లగానే మందులు మొదలుపెడతారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మొదలుపెట్టకూడదు. పది నిమిషాల్లో ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం ఉండే సమస్య) అని తేల్చి చీటీ రాసిస్తే ఇంకో డాక్టర్ని కలవండి.

ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీ చేస్తే సైకియాట్రిస్టు. ఆపైన మరో మూడేళ్లు పిల్లల సైకియాట్రీలోనే డీఎం చేసినవారూ ఉంటారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఆ కోర్సు ఉంది. అలాంటివారు తక్కువ కాబట్టి, పిల్లల్ని తరచూ చూసే ఎండీ సైకియాట్రిస్టు అయినా చాలు. క్లినికల్ సైకాలజిస్టు వేరు. ఐక్యూ పరీక్షలు, బిహేవియర్ థెరపీ వాళ్లు చేస్తారు, మందులు రాయరు.

మొదటిసారి ముప్పావుగంట, గంట పడుతుంది. కాన్పు ఎలా జరిగింది, మాటలు ఎప్పుడొచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, రాత్రి గురక పెడతాడా, ఇంట్లో గొడవలున్నాయా అని అడుగుతారు. దాచకండి. గురక వల్ల నిద్ర చాలని పిల్లలు పగలు మందకొడిగా కాక, ఇంకా చిందులేస్తారు. లక్షణాలు ఆర్నెల్లకు పైగా ఉండి, పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే ఏడీహెచ్‌డీ అంటారు. బడిలోనే అయితే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి.

బాబు నోటుపుస్తకాలు తప్పకుండా తీసుకెళ్లండి, చాలామంది ఇది మర్చిపోతారు. మొదటి రెండు లైన్లు చక్కగా ఉండి, కిందికి పోయేకొద్దీ అక్షరాలు గీత దాటుతుంటే ధ్యాస జారుతోందేమో చూస్తారు. మొదటి లైనులోనే గుణింతాలు, ఒత్తులు తారుమారైతే డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉందేమో పరీక్షిస్తారు. టీచర్‌తో ఒక పేజీ రాయించుకుంటే ఇంకా మేలు.

డాక్టర్ బాబుతో విడిగా మాట్లాడితే అడ్డుపడకండి. వాడి ముందే వాడి తప్పులు ఏకరువు పెడితే ఇక నోరు విప్పడు. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని బెదిరించి తీసుకెళ్లడం అన్నిటికన్నా చేటు. "చదువు నీకెందుకు కష్టమవుతోందో కనుక్కుందాం" అని చెప్పండి.

ఏడీహెచ్‌డీ అని తేలి, ఇంట్లో, బడిలో మార్పులు చేశాకా ఇబ్బంది తగ్గకపోతే మందు ఆలోచిస్తారు. ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. ఉదయం టిఫిన్ తిన్నాక ఇస్తారు. మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది కాబట్టి టిఫిన్ కడుపునిండా పెట్టాలి. సాయంత్రం ఇస్తే నిద్ర పట్టదు. ఎత్తు, బరువు, బీపీ, నాడి ముందే చూసి రాసుకుని, వెళ్లినప్పుడల్లా మళ్లీ చూడాలి. మీ ఇళ్లలో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లుంటే, అడక్కపోయినా మీరే చెప్పండి.

ఈలోగా సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.