శబ్దవేగంలో ఆ ఇరవై మీటర్లు ఎటు పోయాయి?

ప్రశ్న: అనునాద గొట్టం ప్రయోగంలో 512 హెర్ట్జ్ శ్రుతిదండం (రెండు భుజాల ట్యూనింగ్ ఫోర్క్) వాడాం. గొట్టంలో నీటికి పైనున్న గాలిస్తంభం 16 సెం.మీ. ఉన్నప్పుడు గట్టిగా మోగింది (అదే అనునాదం). లెక్క కడితే శబ్దవేగం సెకనుకు 328 మీటర్లే వచ్చింది. గదిలో 30 డిగ్రీల వేడి ఉంది. రెండో అనునాదం కోసం 48 సెం.మీ. దగ్గర వెతికితే దొరకలేదు. తప్పెక్కడ జరిగింది?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ కొలత చక్కగా ఉంది. పొరపాటంతా లెక్కలోనే. మొదటి అనునాదంలో గాలిస్తంభం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. ప్రస్పందనం, అంటే గాలి ఎక్కువగా ఊగే చోటు, సరిగ్గా గొట్టం మూతి దగ్గరే ఉంటుందనుకుని 16ను నాలుగుతో హెచ్చించారు. కానీ మూతి దాటి కాస్త పైదాకా గాలి ఊగుతూనే ఉంటుంది. ఆ అదనపు పొడవు గొట్టం లోపలి వ్యాసంలో దాదాపు 0.3 వంతు. వ్యాసం 3.5 సెం.మీ. అయితే 1.05 సెం.మీ. అన్నమాట. అది కలిపితే 17.05, నాలుగు రెట్లు చేస్తే తరంగదైర్ఘ్యం 68.2 సెం.మీ.; దాన్ని 512తో హెచ్చిస్తే వేగం సెకనుకు 349 మీటర్లు. 30 డిగ్రీల దగ్గర రావలసింది అంతే.

48 దగ్గర మోగకపోవడానికీ కారణం ఇదే. మూడు రెట్లయ్యేది 16 కాదు, 17.05. అంటే 51.15లోంచి మళ్లీ 1.05 తీసేసి, 50 సెం.మీ. చుట్టుపక్కల వెతకాలి. ఈ రెండో మోత కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి నీటిమట్టాన్ని మెల్లగా దించండి. దించుతూ ఒకసారి, పెంచుతూ ఒకసారి చూసి సగటు తీయండి. రెండు పొడవుల తేడాను రెట్టింపు చేస్తే తరంగదైర్ఘ్యం నేరుగా వస్తుంది, మూతి సవరణతో పనే ఉండదు. రికార్డులో ఈ పద్ధతే రాయండి.

శ్రుతిదండాన్ని బల్ల అంచుకు కొట్టకండి. కీచుమనే అతిస్వరాలు పుట్టి, లేనిచోట అనునాదం ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. రబ్బరు దిమ్మ మీదే కొట్టాలి. మూతికి తగలకుండా, ఒక భుజం మీద ఇంకో భుజం వచ్చేలా అడ్డంగా పట్టుకోవాలి. చెవి దగ్గర పెట్టుకుని కాడను మెల్లగా తిప్పి చూడండి: ఒక చుట్టులో నాలుగుసార్లు మోత అణగిపోతుంది. అలా మోత అణగే ఏటవాలు వైపు గొట్టానికి ఎదురుగా ఉంటే ఎంత వెతికినా ఫలితం ఉండదు.

256 హెర్ట్జ్ దండం ఇస్తే మాత్రం, మీటరు గొట్టంలో రెండో అనునాదం దొరకదు. అది 101 సెం.మీ. దాటాక గానీ రాదు.