కంప్యూటర్ సందేహాలు: బ్యాటరీ శాతాన్ని ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొని మూడున్నరేళ్లయింది. ఆఫీసు పని ఇంటి నుంచే కాబట్టి ఎప్పుడూ చార్జర్ పెట్టే ఉంటుంది. ఈమధ్య కరెంటు పోతే 38 శాతం చూపిస్తుండగానే టక్కున ఆరిపోతోంది. బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ 42,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ 39,900 మిల్లీవాట్ అవర్స్ అని వచ్చింది. అంటే బ్యాటరీ బాగున్నట్టే కదా? షాపులో మాత్రం మార్చాల్సిందే అంటున్నారు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా ఆ 39,900ను, అంటే ఇప్పుడు నిండా ఎక్కితే ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకెను, నమ్మకండి. అది కొలిచిన అంకె కాదు, అంచనా.

బ్యాటరీ ప్యాక్ లోపల గేజ్ చిప్ అని ఒకటి ఉంటుంది. లోపలికెళ్లిన కరెంటెంత, బయటికొచ్చిందెంత అని జమాఖర్చు రాసుకోవడం దాని పని. విండోస్ సొంతంగా ఏమీ కొలవదు, ఈ చిప్ చెప్పిందే తెర మీద చూపిస్తుంది. వోల్టేజీ చూసి శాతం చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. లిథియం అయాన్ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 3 వోల్టుల దగ్గర ఉంటుంది. కానీ మధ్యలో చాలాసేపు 3.6, 3.8 వోల్టుల మధ్యే తచ్చాడుతుంది. 60 శాతానికీ 40 శాతానికీ అక్కడ పెద్దగా తేడా తెలియదు. అందుకే జమాఖర్చు మీద ఆధారపడాలి. ఆ లెక్కలో చిన్న చిన్న తేడాలు పోగవుతూనే ఉంటాయి. బ్యాటరీ నిండుగా ఎక్కి, దాదాపు ఖాళీ అయ్యేదాకా దిగినప్పుడే చిప్ వాటిని సరిచేసుకోగలదు. మీ ల్యాప్‌టాప్ చార్జర్ మీదే ఉండిపోవడంతో ఆ అవకాశం రాలేదు. సెల్స్ ముసలివయ్యాయి, చిప్ మాత్రం పాత లెక్కే చెబుతోంది. మూడున్నరేళ్ల బ్యాటరీ 95 శాతం కెపాసిటీతో ఉందంటేనే అనుమానించాలి.

మరి అసలు కెపాసిటీ ఎంత ఉండొచ్చు? 100 నుంచి 38కి వచ్చేసరికి ఆరిపోతోందంటే వాడుకోగలిగింది 62 శాతమే. 39,900లో 62 శాతమంటే సుమారు 24,700. కొత్తలో ఉన్న 42,000తో పోలిస్తే ఇది 59 శాతం. షాపువాళ్ల మాట నిజమే కావచ్చు. అయినా డబ్బు పెట్టేముందు ఒకసారి క్యాలిబ్రేషన్, అంటే చిప్ తన లెక్కను సరిచేసుకునేలా బ్యాటరీని పూర్తిగా దించి ఎక్కించడం, చేయండి.

ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి అడుగుభాగం చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా, నాలుగు కాళ్లూ బల్లకు ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అలా ఉంటే క్యాలిబ్రేషన్ జోలికి పోవద్దు. చార్జర్ తీసి, ఆఫ్ చేసి, బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం చేస్తే నిప్పంటుకోవచ్చు.

ఉబ్బు లేకపోతే ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకుని, 100 శాతం ఎక్కాక కూడా రెండు గంటలు చార్జర్ మీదే ఉంచండి. తర్వాత చార్జర్ తీసేసి రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో కనబడగానే ఎఫ్2 (కొన్నిటికి ఎఫ్10 లేదా డిలీట్) నొక్కి బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) తెరలోకి వెళ్లి అలాగే వదిలేయండి. విండోస్‌లో ఉండగా ఇలా ఆరనిస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదముంది, స్లీప్‌లోకి పోయి పని మధ్యలో ఆగిపోతుంది కూడా. బయాస్‌లో ఆ రెండు ఇబ్బందులూ ఉండవు. దానంతటదే ఆరిపోయాక మూడు నాలుగు గంటలు కదపకండి. ఆ విరామంలో సెల్ వోల్టేజీ నిలకడకొస్తుంది, చిప్‌కు నమ్మదగిన అంకె దొరికేది అప్పుడే. తర్వాత ఆఫ్‌లోనే ఉంచి మధ్యలో ఆపకుండా 100 దాకా ఎక్కించండి. కరెంటు కోతలు లేని వేళ చూసుకుని మొదలుపెట్టండి.

ఇప్పుడు మళ్లీ రిపోర్ట్ తీయండి. ఫుల్ చార్జ్ కెపాసిటీ 25,000 ప్రాంతానికి పడిపోతే కంగారు పడొద్దు, క్యాలిబ్రేషన్ పనిచేసింది. శాతం ఇకనుంచి నిజం చెబుతుంది, ల్యాప్‌టాప్ 5 శాతం దాకా నడిచి ముందే హెచ్చరిస్తుంది. పోయిన కెపాసిటీ మాత్రం తిరిగి రాదు. గంటో గంటన్నరో మీకు సరిపోతే అలాగే వాడుకోవచ్చు. ఒకసారికి లెక్క కుదరకపోతే రెండోసారి చేయండి. అప్పటికీ 30ల్లోనే ఆరిపోతుంటే తప్పు లెక్కలో లేదు, సెల్‌లో ఉంది. ప్యాక్‌లో మూడు నాలుగు సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కటి బలహీనపడి వోల్టేజీ పడిపోయినా రక్షణ సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. దానికి మార్చడమే దారి.

కొత్తది కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరొక్కటే చెబితే చాలదు. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు, వోల్టేజీ, వాట్ అవర్స్ మూడూ సరిపోవాలి. బిగించాక నెలకోసారి రిపోర్ట్ చూడండి. నెలలు గడిచినా డిజైన్, ఫుల్ చార్జ్ అంకెలు అచ్చంగా ఒకటే ఉంటే ఆ చిప్ ఏమీ నేర్చుకోవడం లేదని అర్థం.

క్యాలిబ్రేషన్ బాగుంది కదా అని నెలనెలా చేయకండి. పూర్తిగా ఖాళీ చేసిన ప్రతిసారీ లిథియం సెల్ కాస్త అరుగుతుంది. శాతం గంతులేస్తున్నప్పుడు చేస్తే చాలు.

ప్రశ్న: పై రిపోర్ట్ ఎలా తీయాలి? నా ల్యాప్‌టాప్ 80 దగ్గరే ఆగిపోతోంది, బ్యాటరీ పోయిందేమోనని భయంగా ఉంది.
– ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టండి. ఒక ఖాళీ వదిలి, స్లాష్ (/) పెట్టి, ‘బ్యాటరీరిపోర్ట్’ అని విడదీయకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఫైలు ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

80 దగ్గర ఆగడం చాలావరకు జబ్బు కాదు, సెట్టింగ్. లెనోవో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్ (కొత్త వెర్షన్లలో బ్యాటరీ కేర్ మోడ్) అని ఉంటాయి. కొన్ని కంపెనీలు బయాస్‌లో పెడతాయి. ఎప్పుడూ చార్జర్ మీద వాడేవాళ్లకు అది ఆన్‌లో ఉండటమే మేలు, నిండా ఎక్కి వేడిలో కూర్చుంటే సెల్స్ త్వరగా ముసలివవుతాయి. ఊరెళ్లే ముందురోజు ఆ సెట్టింగ్ తీసేస్తే 100 ఎక్కుతుంది. క్యాలిబ్రేషన్ చేసేముందు కూడా తీసేయాలి.

ప్రశ్న: ‘5 గంటలు మిగిలింది’ అని చూపించి పది నిమిషాల్లో ‘2 గంటలు’ అంటోంది. ఏది నిజం?
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: రెండూ ఆ క్షణానికి నిజమే. మిగిలిన చార్జిని ఇప్పటి ఖర్చుతో భాగించి చెబుతుంది. 40 వాట్ అవర్స్ ఉండి మీరు వర్డ్‌లో 8 వాట్లు వాడుతుంటే 5 గంటలు. జూమ్ క్లాసు మొదలై ఖర్చు 20 వాట్లకు పెరిగితే 2 గంటలే. ఈ గందరగోళం వల్లే 2016 డిసెంబర్‌లో వచ్చిన 10.12.2 అప్‌డేట్‌తో ఆపిల్ మ్యాక్ మెనూ బార్ నుంచి గంటల లెక్క ఎత్తేసింది. మీరూ శాతాన్నే చూసుకోండి. గంటకు ఎంత శాతం దిగిందో ఒకరోజు రాసి పెట్టుకుంటే మీ క్లాసుకు సరిపోతుందో లేదో తేలిగ్గా తెలుస్తుంది.

ప్రశ్న: ‘ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అని 0 శాతం దగ్గరే నిలిచిపోయింది. చార్జర్ పెడితే మాత్రం ల్యాప్‌టాప్ నడుస్తోంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తేలికైనది ముందు చూద్దాం. ఆఫ్ చేసి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. చార్జింగ్‌ను నడిపించే కంట్రోలర్ మొదటినుంచి మొదలవుతుంది. కుదరకపోతే స్టార్ట్ మెనూలో డివైస్ మేనేజర్ తెరిచి, బ్యాటరీస్ కింద ‘మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ’ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తిరిగి పెట్టుకుంటుంది. ఆ జాబితాలోనే పక్కనున్న ‘ఏసీ అడాప్టర్’ అనే పేరును మాత్రం ముట్టుకోవద్దు.

అప్పటికీ మారకపోతే చార్జర్ మీద దృష్టి పెట్టండి. కొన్ని కంపెనీల గుండ్రటి పిన్‌లో నడుమ సన్నని సూదిలాంటి తీగ ఉంటుంది. చార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది వంగినా, వైరు లోపల తెగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీకి కరెంటు ఇవ్వదు. 65 వాట్ల టైప్ సీ ల్యాప్‌టాప్‌కు ఫోను చార్జర్ పెట్టినా బ్యాటరీ ఎక్కకపోవచ్చు. అదే మోడల్ చార్జర్ ఎవరి దగ్గరైనా అడిగి పది నిమిషాలు పెట్టి చూడండి. శాతం కదిలిందంటే కొనాల్సింది చార్జరే. కదలకపోతేనే బ్యాటరీ గురించి ఆలోచించాలి.